కళ్ళు మూసుకుని చెప్పిన మాట

కొత్తగా వార్డు ఇన్‌ఛార్జిలైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు ఆసుపత్రి కబుర్లు చెప్పి, లేచేముందు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. "అమ్మా, కింద పనిచేసేవాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి నెలనెలా మాట్లాడమంటా ఉండారు. ఏం మాట్లాడాల?" మాట్లాడటం మీకు వచ్చు, గమ్మున కూర్చోవడం నేర్చుకోండి అంటాను. ముసలామె ఏదో అందిలే అనుకుని నవ్వి వెళ్ళిపోతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క సంగతి నా బుర్రకెక్కడానికి ఒక మంచి నర్సు ఉద్యోగం పోయే దాకా వచ్చింది. అందుకే ఈసారి నోటితో కాకుండా రాసి చెబుతున్నాను. నవ్వేవాళ్ళు చదివాక నవ్వండి.

నేను పనిచేసింది కొన్ని క్రైస్తవ కుటుంబాలు కలిసి పెట్టిన ఒక ట్రస్టు ఆసుపత్రిలో. మదనపల్లెలో పెద్దది, పుంగనూరులో, కుప్పంలో చిన్న శాఖలు. నా గది తలుపు మీద నర్సింగ్ సూపరింటెండెంట్ అని ఉండేది గానీ, అందరూ పాత అలవాటు కొద్దీ మేట్రనమ్మ అనేవాళ్ళు. మూడు చోట్లా నర్సులు నా కిందే. వాళ్ళలో ఎక్కువమంది మిషన్ కాంపౌండుల్లో పుట్టి, ఆదివారం బడిలో పాటలు నేర్చుకుని పెరిగినవాళ్ళు. కలికిరిలో పుట్టిన నేనూ అంతే.

నేను రిటైరయ్యే ముందు బెంగుళూరు నుంచి ఒక కొత్త అడ్మినిస్ట్రేటరు వచ్చాడు. చిన్నవాడు, చురుకైనవాడు, మర్యాదస్తుడు. వచ్చీ రాగానే ఒక ఆర్డరు వేశాడు. పైవాళ్ళు తమ కింద పనిచేసే ప్రతి మనిషితోనూ నెలకొకసారి, విడిగా, తలుపు వేసుకుని, అరగంట కూర్చోవాలి. తనిఖీ కాదు, వాళ్ళు చెప్పేది వినాలి.

"రోజంతా వాళ్ళతోనే కదప్పా ఉండేది, ఇంగ కొత్తగా ఏం మాట్లాడాల?" అన్నాను.

"రౌండ్స్‌లో మీరు మాట్లాడతారమ్మా. ఇక్కడ వాళ్ళు మాట్లాడాలి," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా ఒక పని నెత్తిన పడ్డాక దాన్ని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. ఈ కుర్రాడికి చేసి చూపించాలి అనుకున్నాను.

మొదటి నెల నవ్వులపాలైంది. మా దగ్గర మేట్రన్ గదికి ఒంటరిగా పిలుపు వచ్చిందంటే ఉద్యోగానికి ఎసరు వచ్చిందనే అర్థం. పుంగనూరులో ఒక నర్సు ఏకంగా తన పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్ళి మాటైనా, పొలం గట్టు తగాదా అయినా, పెద్దవాళ్ళ ముందుకు పోయేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి ఉండి మాట్లాడాలి, అది మా వైపు ఆనవాయితీ. ఆయన ఇస్త్రీ చొక్కాతో నా ఎదురు కుర్చీలో కూర్చుని, "మా బిడ్డ ఏమన్నా తప్పు సేసుంటే ఈసారికి మన్నించండమ్మా," అన్నారు. ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఏ తప్పూ లేదండీ, ఊరికే మాట్లాడదామని పిలిచాను అన్నాను. "ఊరికే యాల పిలుస్తారమ్మా?" అన్నారాయన. ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపించాను.

మిగతావాళ్ళు ఒంటరిగానే వచ్చారు, కుర్చీ అంచున కూర్చున్నారు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే, "ఏం లేవమ్మా, దేవుని కృప వల్ల అంతా బాగుండాది," అన్నారు. అందరూ కలిసి బట్టీ పట్టారేమో అనిపించేటంత ఒకేలా చెప్పారు. అక్కడి నుంచి నేను అందుకునేదాన్ని. యూనిఫాం సంగతి, చేతులు కడుక్కోవడం సంగతి, డ్యూటీలో ఫోన్లు చూసుకోవడం సంగతి. అరగంటా నాదే. చివర్లో ప్రార్థన కూడా నేనే చేసేదాన్ని, మాలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే ప్రార్థన చేయకుండా లేవరు కాబట్టి. "ప్రభువా, ఈ బిడ్డకు వేళకు డ్యూటీకి వచ్చే మనసు దయచేయుము. పేషెంట్ల బంధువుల మీద విసుక్కోకుండా కాపాడుము." దేవుడి పేరు పెట్టి ఇంకో చివాటు అన్నమాట. వాళ్ళు ఆమెన్ అనేవాళ్ళు. అనక ఏం చేస్తారు పాపం.

ఒక నెల పుంగనూరుకు పోవలసిన రోజున నా గొంతు పూర్తిగా పోయింది. టమోటా సీజనులో మార్కెట్ దారిన తిరిగే లారీల దుమ్ముకు నాకు ఏటా అలా అవుతుంది. మానేద్దామా అనుకుని, మొండికేసి బస్సెక్కాను. పాస్టరుగారిని తెచ్చినామె ఎదురుగా కూర్చుంది. నేను మాట్లాడలేను, ఆమె మాట్లాడదు. గోడ గడియారం చప్పుడు వింటూ అలాగే ఉన్నాం. చివరికి ప్రార్థన నువ్వే చేయమ్మా అని సైగ చేశాను. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం.

"ప్రభువా, ఆ స్టెరిలైజరు మూతకు పిడి ఊడిపోయి శానా దినాలాయ," అని మొదలుపెట్టింది. "గుడ్డ సుట్టి ఎత్తుతా ఉండాను. మొన్న చెయ్యి కాలింది, నీకు తెలుసు. మేట్రనమ్మకు సెప్తే స్టోర్సు వాళ్ళ మీద కేకలేస్తాది, వాళ్ళొచ్చి నా మీద పడతారు. నువ్వే ఏదన్నా దారి సూపించు తండ్రీ. స్టాఫ్ బాత్రూముకు గడియ లేని సంగతి గూడా నీకు తెలుసు."

ఇంకా చాలా చెప్పింది. అడ్డుపడాలని నాకు ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. ప్రార్థనకు అడ్డుపడే సాహసం నాకు లేదు, పైగా గొంతు కూడా లేదు. నా ఉద్యోగంలో ఒక నర్సు చెప్పిందంతా మొదటి నుంచి చివరి దాకా వినడం అదే మొదటిసారి.

తిరిగి రాగానే స్టెరిలైజరు బాగుచేయించాను, గడియ పెట్టించాను. ఎవరు చెప్పారో ఎవరికీ చెప్పలేదు. తర్వాతి ఆదివారం ఆమె చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పిందట, ఏ మనిషినీ నోరు తెరిచి అడగలేదు, దేవుడే పంపించాడు అని. అది విని అడ్మినిస్ట్రేటరు పడీ పడీ నవ్వాడు. "మీ పేరు ఎక్కడా రాలేదేం మేట్రనమ్మా," అన్నాడు. ఏమైతేనేం, అప్పటి నుంచి ప్రార్థన వాళ్ళకే అప్పగించాను. సంగతులు వరదలా వచ్చాయి. ఒకామె డ్యూటీ రూములో ఫ్యాను కోసం ప్రార్థించింది. ఇంకొకామె కొత్త పరుపు కోసం, దాని రంగు కూడా చెప్పి మరీ ప్రార్థించింది.

మొదట్లో నాకు సంబరంగానే ఉండేది. పోనుపోను ఏదో నచ్చలేదు. వాళ్ళు చెబుతున్నది నాకు కాదు, నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను, అంతే. తిరిగి ఒక ప్రశ్న అడగడానికి లేదు. చేయలేనిదాన్ని చేయలేనని చెప్పడానికీ లేదు. పరుపు రాకపోయేసరికి ఆమె నా మీద అలిగిందో దేవుడి మీద అలిగిందో కూడా నాకు తెలియలేదు.

ప్రార్థన అలవాటు లేనివాళ్ళది ఇంకో రకం. మదనపల్లె మెడికల్ వార్డు సిస్టరు పెద్దమండ్యం దగ్గర రైతు కుటుంబం నుంచి వచ్చినామె, ఇంట్లో దీపం పెట్టి డ్యూటీకి వచ్చే మనిషి. ఆమె అరగంటా వాన గురించి, వేరుశనగ గురించి చెప్పేది. సరే మేడమ్ అని లేచి, తలుపు దాకా పోయి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, "అన్నట్టు మేడమ్," అనేది. అసలు సంగతి అప్పుడు వచ్చేది. అది కనిపెట్టాక నేను ఆమెను తొందరగా లేవనిచ్చి, తలుపు దగ్గరే నిలబడి మిగతా సమయమంతా మాట్లాడేదాన్ని. కాళ్ళు నొప్పి పుట్టేవి గానీ పని జరిగేది.

ఇంతలో కుప్పం సంగతి వచ్చిపడింది.

కుప్పంలో కాన్పుల వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు మా అందరిలోకీ మంచి హస్తవాసి ఉన్న మనిషి. రామకుప్పం వైపు పల్లెల్లో చీకటి పడితే ఏనుగులు దారి మీదికి వస్తాయని, గర్భిణులు నొప్పులు రాకముందే పగటిపూట వచ్చి వార్డులో దిగేవాళ్ళు. ఆమె ఉందనే ధైర్యంతో వచ్చేవాళ్ళు. కానీ ఆమె కింద చిన్న నర్సులు నిలవడం లేదు. చేరిన కొద్ది నెలలకే ఒకరి తర్వాత ఒకరు మానేస్తున్నారు. ఎందుకమ్మా అంటే ఇంట్లో సమస్య అనేవాళ్ళు. ఒకమ్మాయి మాత్రం పోతూ పోతూ, "సిస్టరు అరుపులు పడలేకుండా ఉండామమ్మా," అంది. అక్కడి శాఖ మేనేజరు కూడా సిస్టరు నోరు మంచిది కాదనే చెప్పాడు. ఆయన అక్కడి చర్చి సంఘంలో పెద్ద, మాటకు విలువ ఉన్న మనిషి.

అడ్మినిస్ట్రేటరు తేల్చేశాడు. సిస్టరును ఇన్‌ఛార్జి నుంచి దించి మదనపల్లెకు మామూలు నర్సుగా మార్చాలి, సోమవారం కమిటీలో తీర్మానం చేయాలి. ఆమె భర్త, పిల్లలు, అత్తమామలు అందరూ కుప్పంలోనే. ఆమె రాదని, ఉద్యోగమే వదిలేస్తుందని నాకు తెలుసు. ఆమె పోతే ఆ వార్డు మూతపడుతుందని కూడా తెలుసు. ఆమెతో మాట్లాడకుండా నేను ఒప్పుకునేది లేదని చెప్పాను.

"ప్రతి నెలా మీతో కూర్చుంటూనే ఉంది కదమ్మా, ఏమీ చెప్పలేదుగా," అన్నాడు.

"సెప్పలేదు. అందుకే పోతాండాను," అన్నాను.

నిజానికి ఆమె నా దగ్గర నోరు విప్పిందే లేదు. అంతా బాగుండాది అనేది. ప్రార్థన చేయమంటే దేశం కోసం, పాలకుల కోసం, వానల కోసం, లోకంలోని రోగులందరి కోసం చేసి ముగించేది. తన వార్డు దాకా వచ్చేది కాదు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను. పుంగనూరు, పలమనేరు దాటి బస్సు కుప్పం చేరేదాకా నాకు నేను ఒకటే చెప్పుకున్నాను, ఈ రోజు నోరు తెరవకూడదు అని. ఆమెను ఆఫీసు గదికి పిలవలేదు. లేబర్ రూము పక్కన కట్లు కట్టే గాజుగుడ్డ ముక్కలు మడతలు పెట్టే చిన్న గది ఉంది. అక్కడికే పోయి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేనూ మడతలు పెట్టడం మొదలుపెట్టాను.

"సోమవారం కమిటీలో నీ సంగతి వస్తాది. నీకు తెలుసు కదా," అన్నాను.

"తెలుసమ్మా."

"ఈ పొద్దు నేనేం మాట్లాడను. నువ్వు సెప్పేదాకా కూర్చుంటాను."

"సెప్పేదానికి ఏముండాదమ్మా," అని ఆమె మడతలు పెడుతూనే ఉంది.

గుడ్డ ముక్కల కుప్ప తరిగిపోతోంది గానీ మాట రావడం లేదు. పక్క వార్డులో ఒక పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. బయట ఎవరో తమిళంలో ఆటో బేరం ఆడుతున్నారు. నా నాలుక దురద పెట్టింది. ఎన్నో ప్రశ్నలు వరుసగా నిలబడ్డాయి, అన్నింటినీ మింగాను. చివరికి ఆమే, ఇక ముగిద్దామన్నట్టు, "ప్రార్థన సేసుకుందామా అమ్మా?" అంది. సరే అన్నాను.

ఎప్పటిలాగే దేశంతో మొదలుపెట్టింది. పాలకుల దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"తండ్రీ, అవ్వను నువ్వు సూస్తానే ఉండావు. మంచంలో పడి ఎంత అవస్థ పడతాందో నీకు తెలుసు. ఆయవ్వ మేలు మరిసినదాన్ని కాను నేను. కానీ ఈ ఆడబిడ్డలు రేయంతా డ్యూటీ సేసి, తెల్లారి ఆయింటికి పోయి అవ్వకు నీళ్ళు పోసి, గుడ్డలు మార్చి, రవంత కూడా పండుకోకుండా మళ్ళా డ్యూటీకి వస్తాండారు. నిద్రమత్తులో ఒక బిడ్డ బాలింతను సూడకుండా వదిలేసింది. ఆ తల్లి రక్తం పోయి సచ్చిపోయేదే, నువ్వు కాపాడినావు. అవ్వ కాడికి పోవద్దని సెప్పే ధైర్యం నాకు లేకపాయె. ఆ కోపమంతా బిడ్డల మీద అరిసి తీర్చుకుంటిని. నన్ను మన్నించు."

ఆమెన్ అన్నాం. కళ్ళు తెరిచేసరికి ఆమె మళ్ళీ గుడ్డ ముక్కలు అందుకుంది, ఏమీ జరగనట్టు.

అవ్వ ఎవరో నాకు తెలుసు. మేనేజరుగారి తల్లి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిన మనిషి. టమోటా తోటల్లో కూలికి పోతున్న ఈ సిస్టరును చిన్నప్పుడు బడిలో వేసిందీ, తర్వాత నర్సింగుకు పంపిందీ ఆమే. సంఘంలో అందరికీ ఆమె సొంత అవ్వ. ఆమెకు చాకిరీ చేయనని ఎవరంటారు, ఎలా అంటారు?

"ఇప్పుడు సెప్పిందంతా నాకు సెప్పు," అన్నాను.

"ప్రభువుకు సెప్పినాను. మీకు సెప్పలేదమ్మా."

"తెలుసు. అందుకే అడుగుతాండాను."

"మీరు ఇనుండారు కదా."

"దేవుడికి సెప్పుకున్న మాటను నేను కమిటీకి ఎట్ల పట్టకపోయేది? అది నాది కాదు. నాకు సెప్తే, నా చేతనైంది సేస్తాను. కాకపోతే కాదని నీ మొగం మీదే సెప్తాను."

ఆమె తల వంచుకుని మడతలే పెడుతోంది. నాకు కోపం వచ్చింది, ఆ వెనకే జాలి వేసింది. ఆ బాలింత సంగతి తలుచుకుంటే భయం కూడా వేసింది. ఇంకొక్క మాట నేను అన్నానంటే ఆమె మళ్ళీ అంతా బాగుండాది అంటుందని మాత్రం గట్టిగా తెలుసు. పళ్ళ బిగువున కూర్చున్నాను. మడతలు పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆమె ఖాళీ చేతులను ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి నన్ను చూసి చెప్పడం మొదలుపెట్టింది.

మేనేజరు భార్య చనిపోయిన కొత్తలో, ఒక్క పొద్దుటికి ఒక అమ్మాయిని పంపమని అడిగాడట. సేవ కదా అని అందరూ సంతోషంగా పోయారు. అది వారానికోసారి, ఆ తర్వాత రోజూ అయింది. రోజూ అయ్యాక చాలాకాలం సిస్టరే పోయింది, వార్డూ ఇల్లూ అదీ చేయలేక కూలబడిపోయాక అమ్మాయిలు వంతులు వేసుకున్నారు. "ఆయన సంఘ పెద్ద. ఆయవ్వ నాకు తల్లి. నేను నోరు తెరిస్తే, తల్లికి నీళ్ళు పోసేదానికి ఏడిసినాననుకోరా?" అంది. చివర్లో నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు యాడా రానీయొద్దమ్మా."

"రానీయను," అన్నాను.

అక్కడి నుంచి లేచి నేరుగా మేనేజరు ఇంటికి నడిచాను. ఆసుపత్రి వెనక వీధే. తలుపు తీసే ఉంది. లోపల ఒక చిన్న నర్సు, యూనిఫాంలోనే, అవ్వను పక్కకు తిప్పి వీపు తుడుస్తోంది. నన్ను చూసి ఆ పిల్ల చేతిలో గుడ్డ జారవిడిచింది. నువ్వు పోయి పడుకో పాపా అని చెప్పి గుడ్డ నేను అందుకున్నాను.

"ఎవురమ్మా?" అంది అవ్వ.

"మదనపల్లె మేట్రన్‌ను అవ్వా."

"బిడ్డకు కండ్లు మూతలు పడతాండాయి," అంది అవ్వ. "పండుకో పొమ్మని నేను సెప్తానే ఉంటాను. మావాడు ఇనడు. నువ్వన్నా సెప్పు తల్లీ."

అవ్వను శుభ్రం చేసి, దుప్పటి కప్పి, ఆసుపత్రికి తిరిగి వచ్చి మేనేజరు గదిలోకి పోయి తలుపు వేశాను. ఆయన నా కింద మనిషి కాదు. నాతో కూర్చుని మాట్లాడాల్సిన అవసరం ఆయనకు లేదు. నాకే ఉంది.

"మీ ఇంట్లో మా నర్సు ఉండాదన్నా," అన్నాను.

"సేవ కదక్కా. నేనెవుర్నీ బలవంతం సేయలేదు. అడిగి సూడండి, ఒక్కరన్నా కాదన్నారేమో."

"కాదనలేదు. ఉద్యోగం మానుకోని పోయినారు."

ఆయన మొహం మాడిపోయింది. కాసేపటికి ప్రార్థన చేసుకుందామన్నాడు, చేశాడు. వృద్ధులను గౌరవించని ఈ కాలంలో కఠినమైన హృదయాలను మెత్తబరచుమని దేవుణ్ణి అడిగాడు. ఆ కఠినమైన హృదయం నాదేనని తెలియడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేదు, ఆ విద్యలో నేనూ ఆరితేరినదాన్నే. ఆమెన్ కూడా గట్టిగానే అన్నాను.

"దేవునికి సెప్పుకున్నావు కదా, ఇప్పుడు నాకు సెప్పన్నా," అన్నాను. "మీయమ్మను ఒక్కడివే ఎట్ల సూసుకుంటాండావు?"

ఆయన ఆ ప్రశ్నకు సిద్ధంగా లేడు. నీళ్ళ గ్లాసు తీసుకుని తాగకుండానే పెట్టేశాడు. "నేను గుడ్డ మార్చబోతే మాయమ్మ మొగం కప్పుకోని ఏడుస్తాదక్కా," అన్నాడు. "కొడుకు చేత సేయించుకోవాల్సి వచ్చెనే అని. ఆడమనిషి కావాల. ఎవుర్నని అడిగేది? సంఘ పెద్ద ఇంట్లో తల్లిని సూసే దిక్కు లేదని ఊరంతా సెప్పుకోవాల్నా?" నాకు ఆయన మీద కోపం సగం దిగిపోయింది, మిగతా సగాన్ని పని అయ్యేదాకా అట్టే పెట్టుకున్నాను.

సాయంత్రం బస్సు వేళకు ఒక ఒప్పందానికి వచ్చాం. మా ఆసుపత్రిలోనే ఆయాగా చేసి మానుకున్న ఒక విధవరాలు ఊళ్ళో ఉంది. ఆమెను జీతానికి పెట్టుకుంటానన్నాడు. నర్సులు ఇక పోరని, ఆ మాట వాళ్ళకు ఆయన నోటితోనే చెప్పాలని అన్నాను. అది ఒప్పించడానికి ఎక్కువసేపు పట్టింది. చివరికి డ్యూటీ రూము గుమ్మంలో నిలబడి, తల వంచుకుని చెప్పాడు. సిస్టరు పేరు మా మాటల్లో ఒక్కసారి కూడా రాలేదు.

సోమవారం కమిటీలో తీర్మానం ముందుకు వచ్చింది. ఆమె తప్పు లేదు, మార్చడానికి నేను ఒప్పుకోను అన్నాను.

"ఆమె ఏం చెప్పిందమ్మా?" అన్నాడు అడ్మినిస్ట్రేటరు.

"అది మా ఇద్దరి మధ్య మాట. తలుపు వేసుకోని మాట్లాడమన్నది నువ్వే కదప్పా. ఇప్పుడు తలుపు తీయమంటే ఎట్ల?"

అతను ఎర్రబడ్డాడు. కారణం లేకుండా కమిటీ ఎలా నమ్ముతుందన్నాడు. నా మాటే కారణం అన్నాను, ఆరు నెలల్లో అక్కడ నర్సులు నిలవకపోతే ఆమెతో పాటు నన్నూ దించేయమన్నాను. రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని అలా అనడం తెలివైన పని కాదని పక్కనున్నవాళ్ళు నా చీర కొంగు లాగారు. అప్పుడు శాఖల మేనేజర్లు కూర్చునే చివరి వరుసలోంచి కుప్పం మేనేజరు, ఎవరి మొహమూ చూడకుండా, "సిస్టరును మార్చొద్దు. లోపం నా పక్క ఉండె, సరిసేసినాను," అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. తీర్మానం పక్కన పెట్టేశారు.

తర్వాతి నెల కుప్పం పోయినప్పుడు నేను కొంచెం గర్వంగానే పోయాను, దాచుకోవడం దేనికి. వార్డు నిండుగా ఉంది. చిన్న నర్సులు ఒకరితో ఒకరు నవ్వుకుంటూ తిరుగుతున్నారు. సిస్టరు నా ఎదురుగా కూర్చుంది. ఆమె కృతజ్ఞతలు చెబుతుందని, వద్దులే అమ్మా అనాలని మనసులో సిద్ధం చేసుకున్నాను.

"అమ్మా, మీ మీద ఒక మాట ఉండాది," అంది. నా కళ్ళలోకి చూస్తూనే అంది.

"సెప్పమ్మా."

"ఆ పొద్దు మీరు నా కాడి నుంచి లేసి నేరుగా ఆయింటికి పోయినారు. వరండాలో అందరూ సూస్తానే ఉండారు. మీరు నా పేరు సెప్పకపోతే మాత్రం ఎవురికీ తెలీదా? ఆదివారం సర్చిలో నా బెంచీలో ఎవురూ కూర్చోలేదు. మా అత్త గూడా జరిగి కూర్చుండె. జరిగింది మంచే, కాదనను. ఉద్యోగం నిలబడింది, బిడ్డలు నిలబడినారు. కానీ లేసేముందు నన్ను ఒక మాట అడిగుండాల. ఇప్పుడే పోయేదా, రేపు పోయేదా అని. ఊళ్ళో ఉండేది నేను గదా. మీరు బస్సెక్కి ఎల్లిపోయినారు."

సోమవారం కమిటీ ఉంది కదా, టైం ఎక్కడిది అని నా నోటి దాకా వచ్చింది. నీ ఉద్యోగం కాపాడిందెవరు అని కూడా వచ్చింది. రెండింటినీ అక్కడే ఆపాను. మనసు చివుక్కుమంది, కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక నర్సు నా మొహం మీద నా తప్పు చెప్పడం ఇదే మొదటిసారి అని కూడా తోచింది. ఇందుకే కదా ఇన్ని నెలలుగా బస్సులెక్కి తిరిగింది.

"నిజమే. అడిగుండాల," అన్నాను. "ఇంకేమన్నా ఉండాదా?"

"ఉండాది," అని ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.